పాత బండికి న్యాయమైన వెల

కొత్త మోటారు సైకిలు కొనేవారికి ధర విషయంలో పెద్ద చిక్కు ఉండదు. షోరూములో కాగితం మీద రాసే ఉంటుంది. వడ్లకు ప్రభుత్వం మద్దతు ధర ప్రకటిస్తుంది. బంగారం ధర ప్రతి ఉదయం పత్రికలో చూసుకుంటాం. కానీ ముప్పై నలభై ఏళ్లనాటి బండిని విప్పి, బాగుచేయించి, రంగులు వేయించి, మళ్లీ రోడ్డెక్కించి అమ్మదలచిన వ్యక్తికి ఏ పట్టికా లేదు. అతడు చెప్పిందే ధర, కొనేవాడు నమ్మిందే విలువ. ఇలా పైనుంచి ఎవరూ ధర నిర్ణయించని చోటనే మన మనసులోని త్రాసు ఎటు మొగ్గుతుందో బయటపడుతుంది. అందుకే ఇది కేవలం యువకుల సరదా వ్యవహారం కాదనీ, విశ్వాసి సాక్ష్యానికి సంబంధించిన విషయమనీ మేము భావిస్తున్నాం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్లి కష్టపడ్డారు. వారిలో కొందరికి తిరిగి వచ్చాక ఒకే కోరిక. చిన్నప్పుడు నాన్న నడిపిన బుల్లెట్‌నో, మేనమామ నడిపిన యెజ్డీనో, కాలేజీ రోజుల్లో కొనలేకపోయిన యమహా ఆర్ఎక్స్ 100నో సొంతం చేసుకోవాలని. అవన్నీ ఇప్పుడు సులువుగా దొరికేవి కావు. బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చినా, కుడికాలితో గేరు వేసే పాత ఇనుప ఇంజిను బండ్లు ఇప్పుడు రావడం లేదు. మైసూరులో జావా, యెజ్డీలు తయారు చేసిన ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 1985లో మన దేశంలో మొదలైన ఆర్ఎక్స్ 100 ఉత్పత్తి కూడా 1996లోనే ఆగిపోయింది. జావా, యెజ్డీ పేర్లు 2018లో, 2022లో తిరిగి వచ్చాయి గానీ అవి కొత్త బండ్లు, పాతవి కావు. ఉన్నవి తగ్గుతున్నకొద్దీ, కోరేవారు పెరుగుతున్నకొద్దీ ధర పెరగడం సహజం. అందులో తప్పు లేదు.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది?

కొలతలో, తూనికలో అన్యాయం చేయకూడదని, న్యాయమైన త్రాసులే ఉండాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు (లేవీ. 19:35,36). దొంగ త్రాసు ఆయనకు అసహ్యమని సొలొమోను హెచ్చరించాడు (సామె. 11:1). ఈ మాట మన ప్రాంతం వారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. కొనుగోలు కేంద్రంలో తాలు అని, తేమ అని చెప్పి బస్తాకు కిలోల చొప్పున తరుగు తీస్తే రైతు కడుపు ఎలా మండుతుందో మనకు తెలుసు. మరమగ్గం మీద నేసిన బట్టను కొలిచేటప్పుడు మీటరు లెక్క తప్పితే సిరిసిల్ల కార్మికుడి ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం ఎలా పడుతుందో మనకు తెలుసు. మన వడ్లలో తరుగు తీస్తే అన్యాయమని గొంతెత్తే మనం, మన బండి అమ్మేటప్పుడు నిజంలో తరుగు తీయవచ్చా?

ముందుగా లెక్క చూద్దాం. పాత బండిని 25 వేలకు కొన్నామనుకుందాం. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, టైర్లు, వైరింగు, సీటు అన్నీ కలిపి సామానుకు 40 వేలు అయిందనుకుందాం. మెకానిక్‌కు, పెయింటర్‌కు, నికెల్ పాలిష్ చేసిన వ్యక్తికి కలిపి 20 వేలు ఇచ్చామనుకుందాం. మొత్తం 85 వేలు. దాని మీద సామాను కోసం ఊరూరా తిరిగిన శ్రమ ఉంది, ఆరు నెలల ఓపిక ఉంది. వాటికి తగిన లాభం తీసుకోవడం పాపం కాదు. పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు (లూకా 10:7). అయితే ఆ మెకానిక్ కూలి పూర్తిగా ఇచ్చామా అన్నది కూడా లెక్కలో భాగమే. బండి అమ్ముడుపోయాక ఇస్తామని చెప్పి, అమ్మాక ముఖం చాటేస్తే, బిగబట్టిన ఆ కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక చెబుతోంది (యాకోబు 5:4).

లెక్కలో చేర్చకూడనిది ఒకటుంది. అది మన జ్ఞాపకాల ఖరీదు. 'మా నాన్న బండి' అన్నది మనకు వెలకట్టలేనిదే కావచ్చు. కానీ ఆ ప్రేమకు కొనేవాడి దగ్గర రుసుము వసూలు చేయలేం. అంత ప్రేమ ఉంటే బండిని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అమ్మదలచినప్పుడు మాత్రం, ఉన్న వస్తువు ఉన్న స్థితికే వెల చెప్పాలి.

అసలు శోధన ఉన్నది మెరుపులో. బాగుచేసిన పాత బండి కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. ట్యాంకు మీద ముఖం కనబడుతుంది. రిమ్ములు తళతళలాడతాయి. కానీ ఆ రంగు కింద ఎంత పుట్టీ ఉందో, చాసిస్‌కు ఎక్కడ వెల్డింగు పడిందో, బోరు ఎన్నిసార్లు చేయించారో, ఇంజిను ఆ బండిదేనా, మరో బండి నుంచి తెచ్చి ఎక్కించిందా అన్నది కొనేవాడి కంటికి కనబడదు. స్పీడోమీటరు ముల్లును వెనక్కి తిప్పితే అది కూడా అబద్ధసాక్ష్యమే పలుకుతుంది. వెలుపల సున్నం కొట్టి అందంగా కనిపించే సమాధుల గురించి ప్రభువు శాస్త్రులతో, పరిసయ్యులతో మాట్లాడాడు (మత్తయి 23:27). వాక్యం వింటూ ఆ మాట ఎదుటివారికే అనుకుంటాం. మన షెడ్డులో నిలిపిన బండికి కూడా అది వర్తిస్తుందేమో ఆలోచించాలి.

"అన్నా, గిది మొత్తం ఒరిజినలేనా?" అని కుర్రవాడు అడిగినప్పుడు, "ఒరిజినలే తమ్మీ, చూస్తలేవా?" అనడం ఎంత తేలిక! ఆ ఒక్క మాటకు వేల రూపాయల తేడా ఉంటుంది. 'వింటేజ్' అనే మాట కూడా ఇలాగే చెలామణి అవుతోంది. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, పెద్ద మార్పులేవీ జరగకుండా ఉన్న బండికే ఆ హోదా దక్కుతుంది. దాని రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల రుసుము ఉంది. నిత్యం తిరగడానికి కాక ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే దాన్ని వాడుకోవాలి. అలాంటప్పుడు 1985 తర్వాత తయారైన ఆర్ఎక్స్ 100ను వింటేజ్ అని చెప్పి ధర పెంచడం ఏమవుతుంది?

అననీయ, సప్పీరాల వృత్తాంతం మనందరికీ తెలుసు (అపొ. 5:1-10). అది కూడా ఒక అమ్మకం కథే. పొలం అమ్మకముందు అది వారిదేననీ, అమ్మాక సొమ్ము కూడా వారి వశంలోనే ఉందనీ పేతురు స్పష్టంగా చెప్పాడు. ఎక్కువకు అమ్మారని గాని, కొంత ఉంచుకున్నారని గాని దేవుడు వారిని శిక్షించలేదు. వెల గురించి అబద్ధమాడారు. అక్కడే ప్రాణాలు పోయాయి. ధర ఎక్కువ చెప్పడం తప్పు కాకపోవచ్చు, నిజం దాచి చెప్పడం మాత్రం తప్పే.

కాగితాల విషయం మరీ ముఖ్యం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన రోజుల్లో యిర్మీయా అనాతోతులోని పొలాన్ని పదిహేడు తులాల వెండికి కొన్నాడు. ఊరు పోయేలా ఉన్నా అతడు క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిచి, వెండి తూచి ఇచ్చాడు. పత్రాలను మట్టికుండలో భద్రపరచమన్నాడు (యిర్మీయా 32:9-14). మనమైతే శాంతికాలంలో కూడా ఆర్సీ మార్చకుండా తాళంచెవి చేతిలో పెట్టి పంపిస్తున్నాం. ఇంకా ఏపీ 15 నంబరుతో, కరీంనగర్ ఉమ్మడి జిల్లాగా ఉన్న రోజుల నాటి యజమాని పేరుతోనే తిరిగే బండ్లున్నాయి. ఆ యజమాని చనిపోతే వారసుల పేరిట మార్పించకుండానే చేతులు మారుతుంటాయి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా శాఖకు తెలియజేయాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కూడా ఉండాలి. ఇవేవీ లేని బండికి, అన్నీ సక్రమంగా ఉన్న బండికి ఒకే ధర చెప్పడం న్యాయం కాదు.

ఇంతవరకు అమ్మేవాడి సంగతి. కొనేవాడికీ వాక్యం ఉంది. కొనేటప్పుడు వస్తువు బాగాలేదు, బాగాలేదు అని తీసిపారేసి, కొన్నాక దారి పొడుగునా మురిసిపోయే మనిషిని సామెతల గ్రంథం మూడు వేల ఏళ్ల కిందటే పట్టుకుంది (సామె. 20:14). భర్త చనిపోయిన ఒక సహోదరి ఇంటి వెనుక, గడ్డివాము పక్కన, పాత బుల్లెట్ తుప్పు పట్టి ఉందనుకుందాం. "అక్కా, గిది పాత ఇనుము కిందికే పోతది. కిలోల లెక్కన ఎంతొస్తే అంత ఇస్త" అని చెప్పి ఐదు వేలకు తీసుకుపోతాడు తెలిసినవాడు. బాగుచేస్తే దాని విలువ లక్ష దాటుతుందని అతనికి తెలుసు, ఆమెకు తెలియదు.

"ఆమె ఒప్పుకునే ఇచ్చింది కదా, బలవంతం చేశామా?" అని కొందరు వాదిస్తారు. చట్టం దగ్గర ఈ వాదన నిలబడవచ్చు. దేవుని దగ్గర నిలబడదని మా అభిప్రాయం. విషయం తెలిసి ఇచ్చేది ఒప్పుకోలు, తెలియక ఇచ్చేది మోసపోవడం. ఏ వ్యవహారంలోనూ సహోదరునికి అన్యాయం చేయకూడదని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు (1 థెస్స. 4:6). విధవరాలిని బాధపెడితే ఆమె మొర తానే వింటానని దేవుడు చెప్పాడు (నిర్గమ. 22:22,23). అలాగైతే ఎవరూ వ్యాపారం చేయలేరని అంటారా? చేయవచ్చు. తుప్పు వదిలించి, ప్రాణం పోసి, రోడ్డెక్కించిన చేతుల కష్టానికి వచ్చే లాభం న్యాయంగా అతనిదే. ఆమె తెలియనితనం వల్ల వచ్చే లాభం మాత్రం అతనిది కాదు. "అక్కా, దీనికి ఇంత ఖర్చవుతది, బాగైతే ఇంతకు పోతది, నేను నీకు ఇంత ఇవ్వగలను" అని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. అబ్రాహాము మక్పేలా గుహను ఊరకే ఇస్తామన్నా తీసుకోక, నాలుగువందల తులాల వెండి అందరి ముందు తూచి ఇచ్చాడు (ఆది. 23). అరౌనా కళ్లమును ఉచితంగా తీసుకోవడానికి దావీదు రాజై ఉండి కూడా ఒప్పుకోలేదు (2 సమూ. 24:24). పూర్తి వెల ఇవ్వడం వారికి చిన్నతనం అనిపించలేదు.

సంఘంలో మరో ఇబ్బంది ఉంది. ఆరాధన ముగిశాక ఆవరణలోనే, "బ్రదర్, మనవాళ్లం కదా" అంటూ బేరాలు మొదలవుతాయి. విశ్వాసి కాబట్టి తగ్గించి ఇవ్వాలని కొనేవారు, విశ్వాసి కాబట్టి అనుమానించకూడదని అమ్మేవారు పట్టుబడతారు. నెల తిరక్కుండానే ఇంజిను పొగ కక్కుతుంది. తర్వాత ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనంలో పాలుపొందలేక చెరో మూలన కూర్చుంటారు. ఒక బండి వల్ల రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేస్తే, ఆ నష్టానికి ఏ మెకానిక్ దగ్గరా సామాను దొరకదు.

కాబట్టి ఒక చిన్న పద్ధతి పాటిద్దాం. బండి అమ్మేటప్పుడు ఒక తెల్లకాగితం మీద నాలుగు విషయాలు రాసి ఇద్దాం. ఏవి అసలువి, ఏవి మార్చినవి, ఏ లోపాలు ఇంకా ఉన్నాయి, కాగితాల పరిస్థితి ఏమిటి. కింద ఇద్దరూ సంతకాలు చేద్దాం. రాయడానికి వెనకాడే విషయం ఏదైనా ఉంటే, అక్కడే మన త్రాసు వంగిందని గుర్తిద్దాం. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మన మాట ఉండాలన్న ప్రభువు బోధకు (మత్తయి 5:37) ఆ కాగితం సాక్ష్యంగా నిలుస్తుంది. ఇదివరకే ఎవరినైనా మోసగించి ఉంటే జక్కయ్య దారి తెరిచే ఉంది. అతడు పశ్చాత్తాపంతో ఆగలేదు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు ప్రకటించాడు.

చివరిగా ఒక్క మాట. మనం కూడా వెల పెట్టి కొనబడినవారమే (1 కొరింథీ 6:20). ఆ వెల వెండి బంగారాలు కావు, క్రీస్తు అమూల్య రక్తం (1 పేతురు 1:18,19). మన తుప్పు, మన పగుళ్లు, పైకి కనబడని లోపాలు అన్నీ ఆయనకు తెలుసు. అయినా ఆయన మనల్ని తక్కువ చేసి బేరమాడలేదు, పూర్తి వెల చెల్లించాడు. అంత వెలకు కొనబడిన మనం కొద్ది వేల రూపాయల కోసం పొరుగువాడి దగ్గర నిజాన్ని దాచడం తగునా? రేపు మన బండి కొన్నవాడు కోరుట్ల బస్టాండు దగ్గరో, జగిత్యాల సంతలోనో ఎదురైతే తల తిప్పుకోకుండా పలకరించగలగాలి. అలా పలకరించగల ధరే న్యాయమైన ధర. అటువంటి వ్యాపారాన్ని దేవుడు ఆశీర్వదించును గాక. ఆమేన్.