పొరుగు గడపలో ఆగిన పుదుచ్చేరి దారులు

రోడ్లు, రేవులు, విమానాశ్రయాలు ఏవని రాష్ట్రాల ప్రజలు అడిగితే, అది మీ ప్రభుత్వాల బాధ్యత అని కేంద్రం తప్పుకోవచ్చును. పుదుచ్చేరి విషయంలో ఆ మాట చెల్లదు. 1954 నవంబరు 1న ఫ్రెంచివారి పాలన నుండి బయటపడి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా మన దేశంలో కలిసిన ఈ ప్రాంతానికి పెద్దదిక్కు ఢిల్లీయే. అక్కడి వర్తకానికి దారులు ఇంత ఇరుకుగా ఉండడం దీపం క్రింద చీకటి కాక మరేమిటి?

1879లో విల్లుపురం నుండి వేసిన రైలుమార్గం పుదుచ్చేరితో ఆగిపోతుంది. చెన్నైకి రైలులో పోవలసిన సరకైనా ముందు పడమటికి, విల్లుపురం చేరవలసిందే. చెన్నై నుండి పుదుచ్చేరి మీదుగా కడలూరుకు తలపెట్టిన తీర రైలుమార్గం ఏళ్ల తరబడి ఎదురుచూపులకే పరిమితమైంది. రేవు వంతెనలో కొంత భాగం 2022 మార్చిలో సముద్రంలో కూలింది. విమానాశ్రయం రన్‌వే సుమారు 1,500 మీటర్లే. పొడిగించాలంటే తమిళనాడు భూమి కావాలి. 2017లో ఉడాన్ పథకం క్రింద మొదలైన హైదరాబాదు సర్వీసు తరువాత నిలిచిపోయింది. 2024 డిసెంబరులో మరొక సంస్థ తిరిగి ప్రారంభించినా, దిగేది చిన్న ఏ.టి.ఆర్. విమానమే.

ఈ కొరత తెలుగువారికి పరాయిది కాదు. పుదుచ్చేరిలో భాగమైన యానాం తన రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరాన, కాకినాడ చెంత ఉన్నది. అక్కడ రైలు స్టేషను లేదు. 2002లో గౌతమిపై బాలయోగి వారధి వచ్చేవరకు ఎదురులంకకు పంటు మీద దాటవలసి వచ్చేది. ఆ వారధి యానానికీ కోనసీమకూ సమానంగా మేలు చేసింది. సరిహద్దు దాటి వేసిన దారి ఇరువైపులా ఫలిస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

రాష్ట్రం కానందున ఆర్థిక సంఘం పంపిణీలో పుదుచ్చేరికి రాష్ట్రాల వలె వాటా లేదు. పొరుగు భూమిని సేకరించే అధికారమూ లేదు. హోం, రైల్వే, పౌర విమానయాన శాఖలు మూడూ ఢిల్లీలోనే ఉన్నవి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలను పిలిచి, ఎవరి భూమి ఎంత, ఎవరి ఖర్చు ఎంత, గడువు ఎప్పుడు అన్నది తేల్చగల శక్తి కేంద్రానికే ఉన్నది. రాష్ట్ర హోదా ఇవ్వాలా, వద్దా అన్న వాదం ఎంతకాలమైనా సాగవచ్చును. దారి వేయడానికి ఆ వాదం తేలవలసిన పనిలేదు.