ముందు ట్యాంకును విచారించండి!

పాత వ్యాను ట్యాంకులో ఇంధనం తరిగింది. లాగ్‌బుక్కులో వ్రాసిన కిలోమీటర్లకూ, బంకులో పోయించిన లీటర్లకూ లెక్క కుదరలేదు. అట్టి సమయంలో కార్యాలయం నుండి వెలువడవలసిన మొదటి ప్రశ్న “ట్యాంకు ఎక్కడ కారుతున్నది?” అన్నది. కాని తరచుగా వెలువడుతున్న ప్రశ్న “ఆ రోజు డ్యూటీలో ఉన్న డ్రైవరు ఎవరు?” అన్నది. ఈ రెండు ప్రశ్నల నడుమ ఒక కార్మికుని జీతం, పరువు నలిగిపోతున్నాయి. ఒక్కొక్కప్పుడు మరొక కార్మికుని ప్రాణమే పోతున్నది.

వేతన సవరణ, పెన్షను, ఖాళీల భర్తీ వంటి పెద్ద సమస్యలుండగా తుప్పుపట్టిన ట్యాంకు గురించి బులెటిన్‌లో ఇంత చోటు దేనికని కొందరు మిత్రులు అడుగవచ్చు. యంత్రం దోషాన్ని మనిషి నెత్తిన రుద్దే పద్ధతి ఎక్కడ మొదలవుతుందో అక్కడే దానిని ఎదిరించాలి. అది మొదలయ్యేది ఇటువంటి చిన్న చోటులలోనే.

ఈ మాటను జంషెడ్‌పూర్ నుండి చెప్పడానికి కారణం ఉన్నది. ఈస్టిండియన్ రైల్వేకు చెందిన సింగ్‌భూమ్ వర్క్‌షాపును తీసుకొని 1945లో ఇక్కడ వెలసిన టెల్కో కర్మాగారం 1970 వరకు మన రైల్వేలకు ఆవిరి ఇంజన్లను నిర్మించింది. 1954 నుండి డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలను తయారుచేసింది. అనగా బాయిలరు విద్య, మోటారు విద్య రెండూ ఒకే ప్రాంగణంలో పెరిగిన ఊరు ఇది. ఆంధ్రదేశపు ఉత్తర జిల్లాల నుండి రైలెక్కి వచ్చిన మనవారు ఎందరో ఈ ఊరి కర్మాగారాలలో, రైల్వేలలో చెమటోడ్చారు.

ఆ ఆవిరి ఇంజను ఒక పాఠం నేర్పింది. బాయిలరు కారుతున్నదని తెలిసినప్పుడు ఫైర్‌మన్ నీరు దొంగిలించాడని ఎవరూ ఛార్జిషీటు ఇవ్వలేదు. బాయిలరును నీటితో నింపారు, ఒత్తిడి పెట్టారు, చెమ్మ కనిపించిన చోట సుద్దతో గుర్తు వేశారు, మరమ్మతు చేశారు, మరల పరీక్షించి రిజిస్టరులో సంతకం చేశారు. అంత పెద్ద యంత్రానికి జరిగిన న్యాయం వ్యాను క్రింద వ్రేలాడే చిన్న రేకు ట్యాంకుకు ఎందుకు జరుగరాదు?

లెక్క ఏమి చెబుతున్నది?

సెకనుకు ఒక్క చుక్క కారే ట్యాంకును ఊహించండి. 40 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకొందాం. రోజుకు 86,400 సెకన్లు. కారిపోయేది 2 లీటర్లకు పైమాటే. 30 రోజులకు సుమారు 65 లీటర్లు! డీజిలైతే నేలపై జిడ్డు మరక మిగిలి సాక్ష్యం చెబుతుంది. పెట్రోలు అట్లా కాదు. ఎండలో పడిన చుక్క నిమిషాలలో ఆవిరై పోతుంది. ఉదయం అధికారి వచ్చి చూచేసరికి నేల పొడిగా ఉంటుంది, ట్యాంకు మాత్రం తరిగి ఉంటుంది. ఇక దొంగ ఎవరో తేల్చడానికి ఆలస్యమెందుకు!

మరొక మాయ కూడా ఉన్నది. ట్యాంకును రెండు రేకు అరలను కలిపి చేస్తారు. నడుమ అతుకు ఉంటుంది. చిల్లు ఆ అతుకులోనో, పైభాగాన గేజీ యూనిట్ ప్యాకింగులోనో, నింపే గొట్టపు రబ్బరులోనో ఉంటే, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే కారుతుంది. మట్టం చిల్లు క్రిందికి దిగగానే కారడం ఆగిపోతుంది. అందువలన నింపిన రాత్రే తరుగు కనిపించి, తరువాతి దినాలలో అంతా సవ్యంగా ఉంటుంది. కార్యాలయానికి ఇది దొంగతనానికి తిరుగులేని రుజువు. మెకానిక్కుకు ఇది పై అతుకు చిట్లిందనడానికి సూచన. ఒకే వాస్తవానికి రెండు అర్థాలు వస్తున్నప్పుడు ట్యాంకును విప్పి చూడకుండా మనిషికి శిక్ష వేయడాన్ని విచారణ అనలేము.

దొంగతనం ఎక్కడా జరుగదని మేము వాదించడం లేదు. దొంగను వెనకేసుకొని రావడం సంఘం పని కాదు. కాని తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి క్రమశిక్షణ నియమాలు గానీ, రైల్వే ఉద్యోగులకు వర్తించే 1968 నాటి నియమాలు గానీ జీతం నుండి రికవరీకి ఒక షరతు పెట్టాయి: ఆ నష్టం ఉద్యోగి నిర్లక్ష్యం వలన గానీ, ఉత్తర్వుల ఉల్లంఘన వలన గానీ కలిగి ఉండాలి. తుప్పు ఎవరి నిర్లక్ష్యం? కారుతున్నదని డ్రైవరు లాగ్‌బుక్కులో వ్రాసిన తరువాత కూడా బండిని రోడ్డుపైకి పంపినవారి నిర్లక్ష్యం కాదా?

కారేచోటును పట్టుకొనే పద్ధతి

దీనికి గొప్ప పరికరాలు అవసరం లేదు. వ్యానును చదునైన నేలపై, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా నిలపాలి. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది క్రిందికి దిగి పల్లాలలో పేరుకొంటుంది. కనుక మరమ్మతు గుంటపై నిలిపి క్రింద నుండి చూడడం ఆత్మహత్యాసదృశం. బ్యాటరీ తీగ తీసివేయాలి. కాపుదల లేని బల్బు దగ్గరకు రానీయరాదు.

ట్యాంకు అడుగును, ప్రక్కలను గుడ్డతో తుడిచి ఆరనిచ్చి సుద్దపొడి చల్లాలి. క్రింద అట్టముక్క పరచి రాత్రంతా వదలాలి. చుక్క పడినచోటే చిల్లు ఉన్నదనుకోవడం పొరపాటు. ఇంధనం అతుకు వెంట, పట్టీ వెంట, ఛాసిస్ వెంట ప్రాకి, ఎక్కడో పల్లంలో చుక్కగా మారుతుంది. సుద్ద తడిసిన చోటులన్నింటిలో అన్నిటికంటె ఎత్తైన చోటును వెదకాలి. దోషం అక్కడ ఉంటుంది.

వరుసగా చూడవలసినవి: మూత, నింపే గొట్టపు రబ్బరు, దాని క్లిప్పులు, గాలి గొట్టం, గేజీ యూనిట్ ప్యాకింగు, ఇంధనం వెళ్ళే గొట్టం, తిరిగివచ్చే గొట్టం, డ్రెయిన్ ప్లగ్గు వాషరు, చివరకు ట్యాంకు రేకు. బండి ఆగి ఉన్నప్పుడు కారితే ట్యాంకును, దాని అతుకులను అనుమానించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే గొట్టాలను, పంపును అనుమానించాలి. రేకులో మొదట పట్టీల క్రింద చూడాలి. రబ్బరుకూ ఇనుముకూ మధ్య బురద, చెమ్మ నిలిచి పైనుండి తుప్పు తింటుంది. లోపల కూడా, ఇంధనంకంటె బరువైన నీరు అడుగున చేరి రేకును కొరుకుతుంది.

ఇప్పుడు ఇంకొక కారణం తోడయినది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకొంటుంది. పాతకాలపు రబ్బరును ఉబ్బించి చీలుస్తుంది. పాత వాహనాలలో కొన్ని రబ్బరు భాగాలను మార్చవలసి రావచ్చునని 2025లో పెట్రోలియం మంత్రిత్వ శాఖయే అంగీకరించింది. విధానం ప్రభుత్వానిది, రబ్బరు గొట్టం బండిది. మరి తరుగు మాత్రం డ్రైవరుదా?

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరం

చిల్లు దొరికిన తరువాత అసలు ఘోరం మొదలవుతుంది. సబ్బుముక్క రుద్దడం, ఎం-సీల్ అంటించడం బండిని ఇంటికి చేర్చే ఉపాయాలే గాని మరమ్మతులు కావు. ఈ సంగతి ఎరిగిన అధికారి “వెల్డింగు చేయించి సాయంత్రానికల్లా బండి తీసుకురా” అని ఆజ్ఞాపిస్తాడు. ఆ ఆజ్ఞను మోసుకొని మన డ్రైవరు రోడ్డుప్రక్క గ్యారేజీకి వెళతాడు. అక్కడ రోజుకూలీకి పనిచేసే కుర్రవాడు ట్యాంకును వంచి ఇంధనం పారబోసి, “ఖాళీ అయింది” అని మంట అంటిస్తాడు.

ఖాళీ కాలేదు! గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు అది ప్రేలుతుంది. నిండు ట్యాంకులో గాలి తక్కువ. పారబోసిన ట్యాంకులో గాలి, ఆవిరి రెండూ ఉంటాయి. 50 లీటర్ల ట్యాంకును బాంబుగా మార్చడానికి అతుకులో దాగిన ఒక టీచెంచాడు పెట్రోలు ఆవిరైతే చాలు. డీజిలైతే భయం లేదన్నది మరొక భ్రమ. చల్లగా ఉన్న డీజిలు త్వరగా అంటుకోదు నిజమే. వెల్డింగు మంట దానిని వేడిచేసి ఆవిరిగా మార్చిన మరుక్షణం అదీ ప్రేలుతుంది.

“మేము ఏళ్ళ తరబడి ఇట్లాగే చేస్తున్నాము, ఏమీ కాలేదు” అనేవారున్నారు. బ్రతికినవారి అనుభవమే మనకు వినిపిస్తుంది. ప్రేలిన ట్యాంకు ముందు నిలబడినవాడు తన అనుభవం చెప్పడానికి మిగలడు.

రైల్వే మిత్రులకు దీనిని వివరించనక్కరలేదు. పెట్రోలు మోసిన ట్యాంకు వ్యాగనుకు మరమ్మతు చేయాలంటే ముందు ఆవిరితో శుభ్రం చేయాలన్న నియమం వారు ఎరిగినదే. వ్యాను ట్యాంకుకూ అదే ధర్మం. బండి నుండి విప్పి, వేడినీటితో, సబ్బు ద్రావణంతో పలుమార్లు కడిగి, ఆవిరి పట్టించి, లోపల ఆవిరులు లేవని పరీక్షించాలి. అతికేచోటు మినహా మిగిలిన భాగమంతా నీటితో నింపి, మూత తెరచి ఉంచి పనిచేయాలి. పని ముగిసిన తరువాత నీటితో నింపి పరీక్షించాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు తగిలిస్తే పలుచని రేకు చీలిపోతుంది. రేకు అడుగంతా తుప్పుపట్టి సుత్తిదెబ్బకు పొరలు రాలుతున్నట్లయితే దానికి మరమ్మతు లేదు. కొత్త ట్యాంకే మార్గం.

ఇది మేము కల్పించిన నీతి కాదు. మండే పదార్థం ఉన్న లేదా ఒకప్పుడు ఉండిన ఏ ట్యాంకునైనా, ఆ పదార్థాన్ని, దాని ఆవిరులను తొలగించకుండా వెల్డింగు చేయరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ శాసించింది. ఆ చట్టానికి బదులుగా పార్లమెంటు 2020లో వృత్తి భద్రతా కోడ్‌ను ఆమోదించింది. విద్యుత్తు వాడేచోట 10 మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అన్న నిర్వచనాన్ని 20 మందికి పెంచింది. జుగ్‌సలాయ్‌లో గానీ మాంగోలో గానీ ఇద్దరు ముగ్గురు పనివాళ్ళతో నడిచే గ్యారేజీ పాత నిర్వచనంలోనూ లేదు, కొత్తదానిలోనూ లేదు. చట్టం పేరు మారినంత మాత్రాన పెట్రోలు గుణం మారదు; గ్యారేజీలో పనివాళ్ళు తక్కువైనంత మాత్రాన ప్రేలుడు చిన్నది కాదు.

“పాత బండ్లే లేవు” అనే జవాబు

15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదు గనుక సమస్యే లేదని కొందరు వాదిస్తారు. తుప్పు పంచాంగం చూచి రాదు. పదవ ఏట కూడా వస్తుంది. అంతేకాదు, తపాలా సంచులు మోసేవి, గ్యాంగు సామగ్రి మోసేవి అనేకచోట్ల కాంట్రాక్టు వ్యానులు. వాటికి ఆ ఉత్తర్వు వర్తించదు. వాటిని నడిపేవానికి ఛార్జిషీటు కూడా ఉండదు. జవాబు చెప్పుకొనే అవకాశం లేకుండానే కూలిలో కోత పడుతుంది. మన నియమాలు మనలను కాపాడుతున్నాయని అతనిని మరచిపోతే, రేపు మన స్థానంలోకి అతనినే తెచ్చి మన నియమాలను చెత్తబుట్టలో వేస్తారు.

కనుక ప్రతి శాఖా సంఘం ఈ కోర్కెలను లిఖితపూర్వకంగా అందజేయవలెను:

1. ఇంధనం తరిగిందన్న ఆరోపణ వచ్చినప్పుడు, డ్రైవరు సమక్షంలో ట్యాంకును, గొట్టాలను పరీక్షించి నివేదిక వ్రాయవలెను. ఆ నివేదిక లేకుండా రికవరీ ఉత్తర్వు జారీ చేయరాదు.

2. కారుతున్నదని లాగ్‌బుక్కులో వ్రాసిన బండిని, సరిచేసినట్లు సంతకం అయ్యేవరకు డ్యూటీకి పంపరాదు.

3. శుభ్రపరచి, ఆవిరులు లేవని నిర్ధారించని ట్యాంకుకు వెల్డింగు చేయించుమని ఏ అధికారీ నోటిమాటగా ఆజ్ఞాపించరాదు.

4. పాత వ్యానుల రబ్బరు గొట్టాలను, ప్యాకింగులను నియమిత కాలానికి శాఖ ఖర్చుతో మార్చవలెను.

5. ఈ నాలుగు రక్షణలూ కాంట్రాక్టు వ్యానుల డ్రైవర్లకు వర్తించునట్లు టెండరు షరతులలో చేర్చవలెను.

డ్రైవరు సోదరులకు ఒక మాట. వాసన వచ్చిన రోజే వ్రాయండి, తేదీ వేయండి, నకలు మీవద్ద ఉంచుకొండి. నోటితో చెప్పినది గాలిలో కలుస్తుంది, వ్రాసినది విచారణలో నిలుస్తుంది. కారే ట్యాంకులో నుండి గొట్టంతో నోటితో పీల్చి ఇంధనం తీయకండి. ఊపిరితిత్తులలోకి దిగిన పెట్రోలు ప్రాణాంతకం. కడుగని ట్యాంకుకు వెల్డింగు చేయించుమంటే ఆ ఆజ్ఞను కాగితంపై ఇమ్మని అడగండి. అటువంటి ఆజ్ఞపై సంతకం పెట్టే అధికారి అరుదు.

కొత్త ట్యాంకుకు డబ్బు లేదనేవారికి మా సమాధానం ఒక్కటే: ట్యాంకుకు ధర ఉన్నది, దానిని కొనవచ్చు. దాని ముందు మంట పట్టుకొని కూర్చున్న కుర్రవానిని మీరు ఏ టెండరు పిలిచి కొనితెస్తారు?