మొసలికి బ్యాంకులో పనేమి?

మా మనుమరాలు ఆరవ తరగతి చదువుతున్నది. హోసూరు పిల్లలందరివలెనే ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఇంగ్లీషు పాఠం ఎక్కడా తడబడకుండా గడగడ చదివేస్తుంది. వింటూంటే నాకు ఎంతో ముచ్చటగా ఉండేది. మొన్న ఒక పాఠంలో, ఏటి 'బ్యాంకు' మీద మొసలి పడుకున్నదని వచ్చింది. పిల్ల చదువు ఆపి, "మొసలికి బ్యాంకులో ఏం పని తాతా?" అన్నది. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. తరువాత నేను ఒక్కొక్క మాటే అడిగి చూస్తే, ఆ పుటలో పదింటికి రెండు ఆమెకు తెలియవు.

పిల్ల మందబుద్ధి అనుకునేరు, కాదు. 2000లో హూ, నేషన్ అనే ఇద్దరు, ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఒక కథ ఇచ్చి, అందులో కొన్ని మాటలకు బదులు అర్థంలేని మాటలు పెట్టి పరీక్షించారు. నూటికి 20 మాటలు తెలియకపోతే ఎవరికీ కథ సరిగా బోధపడలేదు. నూటికి 98 తెలిస్తేనే చాలామంది ఒకరి సాయం లేకుండా చదువుకోగలరని వారు తేల్చారు. మా పిల్ల సంగతి సరిగ్గా ఆ మొదటి లెక్కే గదా!

ఈ గుట్టు మన దేశంలో పూర్వమే ఒకరు కనిపెట్టారు. అవిభక్త వంగదేశంలో, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్టు దొర, పిల్లల వాచకాలలో కొత్త మాటలు మరీ దట్టంగా ఉన్నవని గ్రహించాడు. వాటిని పలుచన చేసి, వచ్చిన మాటే మళ్లీ మళ్లీ వచ్చేటట్లు వాచకాలు రాశాడు. 1953లో సుమారు 2000 ముఖ్యమైన మాటల పట్టిక కూడా వెలువరించాడు.

ఇక మా ఇంటి తగవు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అని బడివారు చెప్పారట. కోడలు అప్పటినుంచీ పిల్లతో తెలుగు తగ్గించింది. నేను ఒప్పుకోలేదు. "బ్యాంకంటే ఇక్కడ గట్టు, మన చెరువు గట్టువంటిదే" అన్నాను. అంతే, మొసలి పిల్ల కళ్ల ముందు నిలిచింది. గట్టు ఆమె నడిచి ఎరిగినదే, దానికి ఇంగ్లీషు పేరు తగిలిస్తే చాలింది. ఆ తెలుగు మాటే లేకపోతే గట్టూ చెప్పాలి, బ్యాంకూ చెప్పాలి.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఒక పుట చదివి, ఐదు మాటలు ఏరుకుంటున్నాము. కోడలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నిన్న మాత్రం "యోక్ అంటే ఏమిటి తాతా?" అని పిల్ల అడగగా, నేను నోరు తెరిచేలోగా "కాడి!" అని వంటింట్లోనుంచి కేక వినిపించింది.