మగ్గముకడ లెక్కల పాఠము

ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారల సహకార సంఘమును స్థాపించిరి. అచ్చటి నేతగాండ్ర బిడ్డలకు పడుగు, పేక బడికి ముందే పరిచితములు. పాఠములలో మాత్రము వానికి చోటు అరుదు. 840 గజముల చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో అదియే నూలు నెంబరు. 40 నెంబరనగా పౌనునకు 33,600 గజములు. ఇంతకంటె మంచి గుణకారపు లెక్క గలదా? రైతుబిడ్డకును లెక్క యున్నది: ఆదోని జిన్నింగు మిల్లులకు మనము పంపెడి ప్రత్తిలో దూది ఇంచుమించు మూడవ పాలే.

చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని గాంధీగారు 1937లోనే చెప్పిరి. పిల్లలు చేసిన వస్తువుల రాబడితో బడి నడపవలెనన్నది మాత్రము నాకు సమ్మతము గాదు. వారమున కొక గంట వృద్ధుడైన నేతగానిని బడికి పిలిచి, కూలి మన సంఘపు లాభమునుండి ఈయవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మాట ఎవరెత్తెదరు?