'ఏకతరఫీ ప్రేమ': ఒక పదవిచారము

సూరత్‌లో స్థిరపడిన తెలంగాణపు నేతకుటుంబములకు గుజరాతీలోని 'ఏకతరఫీ ప్రేమ' అను మాట పరాయిది కాదు. అందలి 'తరఫ్' ప్రక్క అను అర్థముగల అరబ్బీ పదము; తెలుగున అదియే 'తరఫు'. మన పత్రికల 'ఏకపక్ష ప్రేమ' దీనికి సమానార్థకము.

ఈ సమాసమున విశేషణము నిర్దుష్టమే, చిక్కు విశేష్యముతోనే. 2022 ఫిబ్రవరిలో సూరత్ శివారు పాసోదరాలో, వెంటాడి వేధించిన యువకుని చేత ఒక యువతి హతురాలైనది. ఆ ఘాతుకమునకును పత్రికలు ఈ మాటనే వాడినవి.

'ప్రేమ'కు మూలమైన 'ప్రీ' ధాతువునకు తృప్తిపఱచుట అర్థము. ప్రాణము తీయు పంతమునకు ఆ పేరెట్లు చెల్లును? ఉభయులయందును లేని రతిని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు శృంగారముగా గాక ఆభాసముగానే గణించెను. నిరాకరణమును సహింపని పంతము ఆ ఆభాసము కూడ కాదు. మనసున దాచుకొన్న వలపునకు 'ఏకపక్ష ప్రేమ' తగును. వెంటాడుటకు 'వేధింపు' అనునదియే సరియైన పేరు.

1873లో నర్మకోశమును వెలువరించిన నర్మదుని జన్మస్థలము సూరత్. ఈ అర్థవివేచన అచ్చటి పత్రికలతోపాటు మన పత్రికలకును అవశ్యకర్తవ్యము.