గోడలో దాగిన తీగ

క్రొత్త సంవత్సరపు క్యాలెండరు తగిలించాలని మదనపల్లెలోని మా ఇంటి ముందుగది గోడకు ఒకసారి మేకు కొట్టాము. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, నీలిమంట లేచి ఇల్లంతా చీకటి అయ్యింది. మేకు పట్టుకొన్న చేయి అప్పుడే వదిలింది. సుత్తికి కొయ్యపిడి ఉన్నది. అందుకే ఈ నాలుగు మాటలు మీకు వ్రాయగలుగుతున్నాము.

పూత రాల్చి చూస్తే, కిటికీ ప్రక్క స్విచ్‌బోర్డు నుండి తలుపు మీది దీపానికి తీగ ఏటవాలుగా పోయి ఉన్నది. నాలుగడుగుల పైపు మిగులుతుందని వైరింగు చేసినవాడు అడ్డదారి తీశాడు. తప్పు అతనిది మాత్రమే కాదు. పూత వేసేనాడు తీగ ఎటు పోయిందని మేమూ అడగలేదు.

గోడలోని తీగ బోర్డు నుండి నిలువుగా పైకి పోవాలి. స్లాబు దగ్గరికి వెళ్లాకనే ప్రక్కకు తిరగాలి. అప్పుడు బోర్డును చూచిన ఎవరైనా దానికి పైనా క్రిందా మేకు కొట్టకూడదని తెలుసుకొంటారు. తీగ పి.వి.సి. పైపులోనే పోవాలి. పైపు లోపల అతుకు పనికిరాదు. అతుకు తప్పనిచోట మూత తీయడానికి వీలైన బాక్సు పెట్టించండి. దీపాలకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ప్లగ్గుకు కనీసం 2.5, గీజరుకు 4 వేయించండి. గోడలో సన్నతీగ వేడెక్కితే ఆ వేడి త్వరగా బయటికి పోదు.

మాది ఇటుక గోడ. పుంగనూరు ప్రక్క పల్లెలలో రాళ్ల మధ్య మట్టి పెట్టి కట్టిన పాత గోడలున్నాయి. వాటికి గాడి తీస్తే, అందులోనూ అడ్డంగా తీస్తే, రాళ్లు కదులుతాయి. కుప్పం వైపు బండలు పరచిన మిద్దె అయితే పైన పైపు దాచే చోటే లేదు. అటువంటి ఇండ్లలో గోడ మీదనే పైపు బిగించుకోండి. అందము తక్కువంటారు కొందరు. ఆ మేకు కొట్టిన తరువాత మా కంటికి మాత్రం పైకి కనబడే పైపే అందంగా ఉంటున్నది!

ఇక ఫ్యూజు. అది తీగను కాపాడటానికి పెట్టినది, మనిషిని కాదు. ఆంపియరులో పదవ వంతు శరీరము గుండా పోయినా ప్రాణము పోవచ్చు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోనికే రాదు. కాలిపోయిన ఫ్యూజులో లావు రాగితీగ చుట్టేవారి ఇండ్లలో తీగకు కూడా కాపుదల లేదు. కనుక ఎం.సి.బి.తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించండి. మనిషి గుండా భూమిలోనికి కరెంటు పారితే అది రెప్పపాటులో తెంచివేస్తుంది. దాని మీది టెస్టు బొత్తాము నెలకొకసారి నొక్కి చూడండి. ఎర్తు తీగ, అంటే పచ్చతీగ, ప్రతి ప్లగ్గుకూ చేరాలి. మనది ఎండు నేల. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంటలో వేసవిలో నీళ్లు పోయకపోతే ఎర్తు ఉన్నా లేనట్లే.

ఇల్లు కట్టుకొనేవారు పూతకు ముందే ప్రతి గోడను ఫోనులో ఫొటో తీయండి. నేల నుండి, మూల నుండి పైపు ఎంత దూరమో కొలిచి కాగితము మీద వ్రాసుకోండి. మా ఇంటి కాగితము ఇప్పుడు పట్టా పత్రాలతో పాటు పెట్టెలో ఉన్నది. క్యాలెండరు తలుపు వెనుకకు చేరింది.