పేరు ప్రతిష్ఠలు పూచీకత్తు కావు

బడులకు సెలవులిచ్చిన వారానికే పిల్లల శిబిరాలు మొదలవుతాయి. హైదరాబాద్ బాలభవన్, జిల్లా గ్రంథాలయాలు, అపార్ట్‌మెంట్ సెల్లార్లు ఎక్కడ చూసినా కథలు, నాటకాలు, మట్టిబొమ్మలు, రంగులు. పిల్లలు ఫోన్ పక్కన పడేసి చేతులకు రంగు పూసుకుంటుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఈ శిబిరాలు నడిపేవాళ్లలో చాలామంది మనవాళ్లే. రచయితలు, చిత్రకారులు, రంగస్థల కళాకారులు, టీచర్లు. అందుకే పిల్లల రక్షణ గురించి ముందు మనలో మనం మాట్లాడుకోవాలి.

2019 మే 24న సూరత్‌లోని తక్షశిల కాంప్లెక్స్‌లో, పై అంతస్తుల్లో తరగతులు జరుగుతుండగా మంటలు లేచి 22 మంది విద్యార్థులు చనిపోయారు. చెక్క మెట్లు కాలిపోయాయి. దిగే దారి లేక చాలామంది పైనుంచి దూకేశారు. హాలు మాట్లాడుకునేటప్పుడు అద్దె ఎంత అని అడుగుతాం. బయటికి వెళ్లే రెండో దారి ఎక్కడుందని కూడా అడగాలి. గ్లూ గన్, కట్టర్ బ్లేడు పిల్లల చేతికిచ్చాక పెద్దవాళ్లు ఆ బల్ల దగ్గర నుంచి కదలకూడదు.

నిప్పు, బ్లేడు కంటికి కనిపించే ప్రమాదాలు. మనిషి వల్ల వచ్చే ప్రమాదం అలా కనిపించదు. కళ నేర్పడంలో చనువు ఎక్కువ. నాట్యంలో భంగిమ సరిదిద్దుతాం, నాటకానికి మేకప్ వేస్తాం, దుస్తులు మార్పిస్తాం. ముట్టుకునే ముందు చెప్పి, అందరి ఎదుటే సరిదిద్దడం, ఏ బిడ్డతోనూ ఒక్కరే తలుపు వేసుకుని కూర్చోకపోవడం, దుస్తులు మార్చుకునే గదుల దగ్గర జాగ్రత్తలు పాటించడం ప్రతి శిబిరంలోనూ నియమం కావాలి. ఆడపిల్లల విషయంలో ఎంత జాగ్రత్తో మగపిల్లల విషయంలోనూ అంతే. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం ఇద్దరికీ ఒకటే.

ఇక్కడే మన సాహిత్యలోకానికి ఒక బలహీనత ఉంది. ‘ఆయన పెద్దాయన, అవార్డులొచ్చినవాడు, ఆయన్నేం అడుగుతాం?’ అంటాం. పిల్లలతో నిత్యం పనిచేసే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారింపజేయాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. ఒప్పందం మీద వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పది పుస్తకాలు రాసినంత మాత్రాన ఎవరికీ మినహాయింపు లేదు. బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరం. కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు పడుతుంది.

రచనా శిబిరంలో ఒక పాప తన కథలో, ‘ఆ మామయ్య వచ్చినప్పుడల్లా నేను మంచం కింద దాక్కుంటాను’ అని రాసిందనుకోండి. అక్షరదోషాలు దిద్ది పక్కన పెట్టేస్తే ఆ పాప మళ్లీ నోరు విప్పకపోవచ్చు. ఆ కథను పదిమందిలో చదివించకూడదు. గుచ్చిగుచ్చి అడగకూడదు. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వకూడదు. పాప చెప్పినంత మటుకు నిదానంగా విని, ఆమె మాటల్లోనే రాసుకుని, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. లైంగిక నేరం జరిగిందనో జరగబోతోందనో అనిపిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. నిజానిజాలు తేల్చడం మన పని కాదు. సదుద్దేశంతో సమాచారమిచ్చినవాళ్లకు చట్టమే రక్షణ ఇస్తుంది. అలాంటి కథ ఎంత బాగున్నా సంకలనంలో వేయడానికి లేదు. పాప పేరు, బడి పేరు ఎక్కడా బయటపడకూడదు.

ఇదంతా పిల్లల స్వేచ్ఛకు అడ్డం అనుకునేవాళ్లున్నారు. కానీ పక్కనున్న పెద్దవాళ్లను చూసి భయపడే పిల్లలు మనసులోది రాయలేరు, నచ్చిన బొమ్మ గీయలేరు. భయం లేనిచోటే వాళ్ల ఊహ సాగుతుంది.

అమ్మానాన్నలారా, ఫీజు కట్టే ముందు శిబిరంలో ఎవరెవరు ఉంటారో, ఫిర్యాదు ఎవరికి చేయాలో అడగండి. అడిగితే చిరాకుపడే చోట పిల్లల్ని వదలకండి. శిబిరాలు నడిపే మిత్రులకు మా విన్నపం ఒకటే. ఈ పత్రికకు ప్రకటన పంపేటప్పుడు బాధ్యుల పేరు, ఫోన్ నంబరు, మీ శిబిరంలో పాటించే పిల్లల రక్షణ నియమాలు జతచేయండి. అవి లేని ప్రకటన ఇకపై మేం వేయం.